నల్ల చిలువను గుర్తించుట

గుడివాడనుండి కైకలూరు దారిన శీతకాలమున కొల్లేటివైపు పోయిన విద్యార్థికి నీటిపై దూరముగా నల్లని పక్షులు కనిపించును. అన్నియు బాతులే యనుకొనుట సహజము. కాని తరచుగా అవి బొల్లికోళ్లు. నుదుటి తెల్లమచ్చ చూచినచో సందేహము తీరును.

మిగిలినవానిలో నల్ల చిలువ యున్నదేమో చూడవలెను. ఇది ఉత్తర ఐరోపా, సైబీరియా సరస్సులవద్ద పిల్లలను లేపి, చలికి దక్షిణమునకు వచ్చు బాతు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో దీనికి 'ఫులిగులా' అని పేరిడెను. మసి గొంతు గలదని భావము. శతాబ్దము తరువాత, నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1862-64లో వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున లాటిన్ పేర్లతోపాటు తెలుగు పేర్లను కూడ చేర్చెను. మన వేటగాండ్ర మాట అట్లు శాస్త్రగ్రంథమున కెక్కినది.

అయితే వేటగాని వర్గీకరణము వేరు. ఎర్ర చిలువ మన చెరువులలోనే కాపురముండి, చెట్లపై వాలునట్టిది. పేరులో తోబుట్టువులేగాని, ఈ రెండును దగ్గరి బంధువులు కావు. రంగుతో మరియొక చిక్కు కలదు. మగదానికి నల్లని మేను, తెల్లని ప్రక్కలు, తలవెనుక వ్రేలాడు జుట్టు. ఆడుదానికి గోధుమరంగు మేను, పొట్టిజుట్టు. కన్ను మాత్రము రెంటికిని పసుపే. ఎగిరినప్పుడు రెక్కపై తెల్లని చార కనబడును.

నా దృష్టిలో రంగుకంటె నడవడియే నమ్మదగినది. చాల బాతులు తోక పైకెత్తి, తల మాత్రము నీటిలో ముంచి మేయును. నల్ల చిలువ కాళ్లు మేనికి బాగుగా వెనుకగా నుండుటచే అది పూర్తిగా మునిగి, అడుగున నత్తలను వెదకి, సాధారణముగా అరనిమిషము లోపుననే తేలును. ఎగురుటకు ముందు నీటిపై పరుగు తీయును. మునుగుడు కోడియు మునుగును గాని అది మిక్కిలి చిన్నది, తోక లేనట్లే యుండును. బందరు కాలువలలోను దివిసీమ మడ అడవులలోను మునిగిలేచి, రెక్కలు చాచి ఆరబెట్టుకొనునది నీటికాకి.

జెర్డన్ కాలమున పక్షిని కాల్చి, చేతబట్టి పరీక్షించెడివారు. అది ఎచ్చటినుండి వచ్చెనో చచ్చిన పక్షి చెప్పదు గదా! 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మార్టెన్సెన్ పక్షుల కాళ్లకు అంకెలుగల అల్యూమినియము ఉంగరములు తొడిగెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1959లో పెద్దయెత్తున ఈ పని చేపట్టినది. ఇండియాలో ఉంగరము తొడిగిన బాతులు కొన్ని సైబీరియాలో దొరికినవి.

మునిగెడి బాతుకు తెరపినీరు కావలెను. కొల్లేటిలో చేపలచెరువుల గట్లు పెరిగి ఆ నీరు తగ్గినది. 1999లో అభయారణ్యముగా ప్రకటించి, 2006లో అనేక గట్లు తొలగించిరి. దానివలన చిలువలు పెరిగెనా, తగ్గెనా తేల్చుటకు ఏటేటి లెక్కలు కావలెను. బొల్లికోడిని చిలువగా వ్రాసిన లెక్క అందుకు పనికిరాదు.