ఖైదీ కూడు - మనిషి బతుకు

మనిషి బతకడానికి యేమేమి కావాలి? యీ ప్రశ్నకు వేదాంతి చెప్పే సమాధానం వేరు, ఖజానా అధికారి చెప్పే సమాధానం వేరు. తృప్తిని మించిన సంపద లేదంటాడు వేదాంతి. అధికారి తక్కెడ తెచ్చి, యెన్ని గింజలు పెడితే మనిషి చావకుండా వుంటాడో తూచి చూస్తాడు. పైకి యీ రెండిటికీ పొంతన లేనట్లే వుంటుంది. కాని పేదవాడి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి యిద్దరూ చెప్పేది ఒక్కటే: "నీకు యింతకన్నా అక్కర లేదు."

మన దేశంలో యీ తక్కెడకు సుమారు నూటయాభై యేళ్ల చరిత్ర వున్నది. నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి, ఆర్థికశాస్త్రం నా రంగం కాదు. అయినా పేదరికం అన్నది ఒక మాట. దాని అర్థాన్ని యెవరు, యెప్పుడు, యెవరి కోసం నిర్ణయించారన్నది సాహిత్య విద్యార్థి కూడా అడగవలసిన ప్రశ్నే.

మొదట కరువు దగ్గరకు పోదాం. 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన కరువు ధాత నామ సంవత్సరంలో మొదలైంది. అందుకే రాయలసీమ జనం దాన్ని ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలో భాగమే. బ్రిటిషు పాలనలో వున్న ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయారు. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనాభాలో సుమారు పావువంతు తరిగిపోయింది. ఆ కాలంలోనే మన రేవుల నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి సాగుతూనే వున్నది. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించడానికి ఢిల్లీలో మహా దర్బారు జరిగింది.

ఆ జనవరిలోనే వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా పంపాడు. యీ టెంపులే 1873-74లో బీహారు కరువు వచ్చినప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి చావులను చాలావరకు అరికట్టాడు. అందుకు అతనికి దక్కింది మెప్పు కాదు, దుబారా మనిషి అన్న అపవాదు. దాన్ని కడుక్కోవడానికి అతనికి మద్రాసు రాజధాని దొరికింది. కరువు పనుల్లో చేరిన మగమనిషికి రోజు కూలిని ఒక పౌను గింజలకు, అంటే సుమారు 450 గ్రాములకు, పైన ఒక అణాకు దింపాడు. ఆడవాళ్లకూ, పనిచేసే పిల్లలకూ యింకా తక్కువ. రాళ్లు కొట్టి, మట్టి మోసి, రోజంతా యెండలో కష్టపడే మనిషికి అదీ కూలి. "టెంపుల్ కూలి" అన్న పేరు చరిత్రలో అట్లా నిలిచిపోయింది.

దీన్ని యెదిరించినవాడు కూడా ఆ ప్రభుత్వంలోని అధికారే. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, కష్టం చేసే మనిషికి కనీసం పౌనున్నర గింజలు, దానికి తోడు పప్పు, కూరగాయలు కావాలని వాదించాడు. కూలి శిబిరాలలో మనుషులు యెముకల గూళ్లై పోతున్నారని సాక్ష్యం చూపాడు. బొంబాయి రాజధానిలో వేలాది మంది కూలీలు యీ కూలికి మేము చేయమని పనులు వదిలి వెళ్లిపోయారు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన నిలబడింది. చివరకు 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలిని కొంత పెంచింది, కొద్దిగా పప్పు కలిపింది. అయినా అది కార్నిష్ అడిగినంత కాదు.

యీ వివాదంలో మనం గమనించవలసిన సంగతి ఒకటి వున్నది. టెంపుల్ అడిగిన ప్రశ్న "మనిషికి యెంత కావాలి?" అన్నది కాదు. "యెంత తక్కువతో సరిపెట్టవచ్చు?" అన్నది. కార్నిష్ ఆ తక్కెడలోనే మరి కొన్ని గింజలు వేయించడానికి పోరాడాడు. ఆ గింజలు ప్రాణాలు నిలిపాయి గనుక ఆ పోరాటం చిన్నది కాదు. కాని తక్కెడ మాత్రం మారలేదు.

సరిగ్గా ఆ రోజులలోనే దాదాభాయి నౌరోజీ తక్కెడను పాలకుల మీదికే తిప్పారు. 1876లో బొంబాయిలో ఆయన చదివిన వ్యాసమే తరువాత పెరిగి 1901లో పుస్తకమైంది. 1867-70 నాటి సర్కారు అంకెలతోనే ఆయన దేశంలో తలసరి ఉత్పత్తి యేడాదికి 20 రూపాయలని లెక్కగట్టారు. దాన్ని ఖైదీ తిండికీ బట్టకీ అయ్యే ఖర్చుతో పోల్చారు. నేరం చేసి జైలుకు పోయినవాడికి దక్కేపాటి కూడూ గుడ్డా సమకూర్చడానికైనా మంచి పంట యేడాదిలో కూడా యీ దేశపు ఉత్పత్తి చాలదని తేలింది.

అంతటితో ఆయన ఆగలేదు. యీ లెక్కలో యేమేమి చేరలేదో కూడా చెప్పారు: చిన్న చిన్న సుఖాలు, సంఘంలో మనిషిగా నిలబడటానికి కావలసినవి, మతసంబంధమైన ఖర్చులు, శుభాశుభ కార్యాలు, చెడ్డకాలానికి దాచుకునే నాలుగు గింజలు. అంటే ఖైదీ కూడు ఆయన దృష్టిలో మనిషి అవసరానికి కొలత కాదు, సామ్రాజ్యం మీద నేరారోపణ. "ఖైదీపాటి బతుకైనా లేదు" అన్నది ఆయన అభియోగం.

స్వాతంత్ర్యం తరువాత యేం జరిగింది? రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది కార్మికుల దారి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి అవసరాల ప్రాతిపదిక మీద కనీస వేతనం యెట్లా లెక్కించాలో నిర్ణయించాయి. ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్లు. పోషకాహార శాస్త్రజ్ఞుడు డాక్టర్ ఆక్రాయిడ్ సూచించిన ప్రమాణం ప్రకారం 2700 కేలరీల ఆహారం. తలకు యేడాదికి 18 గజాల చొప్పున నలుగురి కుటుంబానికి 72 గజాల గుడ్డ. యింటి అద్దె. వంటచెరకుకూ, దీపానికీ, యితర ఖర్చులకూ మొత్తం వేతనంలో 20 శాతం. భార్యాబిడ్డలు తెచ్చే సంపాదనను యీ లెక్కలో కలపరాదు. తీర్మానం కాగితం మీద బాగానే వున్నది. కాని రెండవ వేతన సంఘం దీన్ని ఆచరణయోగ్యం కాదని తోసిపుచ్చి నెలకు 80 రూపాయల దగ్గర ఆగింది. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సమ్మెకు దిగడానికి యిదొక ముఖ్య కారణం.

రెండవది ప్రణాళికా కార్యాలయాల దారి. 1962లో నిపుణుల బృందం ఒకటి, 1960-61 ధరలలో మనిషికి నెలకు 20 రూపాయలు కనీస వ్యయం కావాలన్నది. వైద్యం, విద్య ప్రభుత్వమే అందిస్తుంది గనుక వాటిని యీ లెక్కలో చేర్చలేదు. 1971లో దండేకర్, రథ్‌లు 2250 కేలరీల కొలతతో, 1960-61లో గ్రామాలలో 40 శాతం, పట్టణాలలో 50 శాతం జనానికి చాలినంత తిండి లేదని చూపారు. అదీ నౌరోజీ చేసినటువంటి అభియోగమే. 1979లో గ్రామాలకు 2400, పట్టణాలకు 2100 కేలరీల ప్రమాణం స్థిరపడింది. యేళ్లు గడిచాయి. వైద్యమూ, చదువూ అంగడి సరుకులైనాయి. గీత మాత్రం పాత కొలతనే పట్టుకుని పాకింది. 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టు ముందు పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు అని ప్రమాణపత్రం దాఖలు చేసినప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఉలిక్కిపడవలసిన అవసరం లేదు. టెంపుల్ అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడిగితే సమాధానం కూడా ఆ జాతిదే వస్తుంది.

చిత్రమేమంటే, నౌరోజీ అభియోగంగా వాడిన కొలత మన చేతుల్లో ప్రమాణమై కూర్చున్నది. ఖైదీపాటి తిండి దాటినవాడు యిక పేద కాడు! ఆయన లెక్కలో చేరలేదని వాపోయిన పండుగ, పెళ్లి, చావు, ముసలితనం లెక్కలోకి రావడానికి 1991 దాకా పట్టింది. ఆ యేడు రెప్టకోస్ బ్రెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు 1957 సూత్రాలకు తోడు పిల్లల చదువు, వైద్యం, పండుగలతో సహా కనీస వినోదం, వృద్ధాప్యం, పెళ్లి ఖర్చులకు కనీస వేతనంలో 25 శాతం వుండాలన్నది. అదైనా దానంతట రాలేదు, కోర్టు దాకా పోయిన కార్మికుల వల్ల వచ్చింది.

ఆడమ్ స్మిత్ 1776లోనే ఒక మాట గ్రహించాడు. తన కాలపు ఐరోపాలో చాలాభాగాన నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి రోజుకూలీ కూడా సిగ్గుపడతాడు కాబట్టి ఆ చొక్కా అవసరమే, విలాసం కాదన్నాడు. శ్రమశక్తి విలువలో చారిత్రకమైన, నైతికమైన అంశం వుంటుందని మార్క్స్ 1867లో చెప్పాడు. అంటే అవసరం కడుపులో మాత్రమే పుట్టదు, సంఘంలో పుడుతుంది. మనకు దీన్ని జాషువాకన్నా బాగా చెప్పినవారు లేరు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడు శివుడికి తన గోడు గబ్బిలం చేత కబురంపుతాడు. గుడిలోకి గబ్బిలం పోగలదు, అతను పోలేడు. ఆ మనిషికి రెండు పూటలా అన్నం పెట్టి, గుడి తలుపు మూసే వుంచితే అతని దారిద్ర్యం తీరినట్లేనా? యే కేలరీల పట్టిక యీ ప్రశ్నకు జవాబు చెప్తుంది?

యిట్లా అన్నంత మాత్రాన తిండి లెక్క అనవసరమని కాదు. ఆకలితో వున్నవాడి ముందు గౌరవాన్ని గురించి ఉపన్యసించడం వేదాంతి పని. కార్నిష్ పౌనున్నర గింజలు కావాలి. వాటిని అడుక్కోకుండా తెచ్చుకునే హక్కూ కావాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. టెంపుల్ కూలికి జనం రాళ్లు కొట్టిన కరువు నేల మీద, పని అడగడం హక్కని చట్టం చెప్పడానికి నూట ముప్పై యేళ్లు పట్టింది. ఆ చట్టంలో లోపాలు యెన్ని వున్నా, కూలివాడు తక్కెడలోని సరుకుగా కాక దరఖాస్తుదారుగా నిలబడ్డాడు. ఆ తేడా గింజలలో తూగేది కాదు.

అందుచేత యిక మీదట పేదరికం యింత శాతం తగ్గిందని పత్రికలో అంకె కనిపించినప్పుడు, మన విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయాలని నా మనవి. యీ గీత గీసింది యెవరు? గీత కింద వున్నవాణ్ణి అడిగి గీశారా? పిల్లవాడి చదువుకూ, తల్లి మందులకూ, యింట్లో జరిగే చావుకూ పెళ్లికీ యిందులో చోటున్నదా? మూడవ ప్రశ్నకు లేదన్న జవాబు వస్తే, ఆ గీత ఖైదీ కూటికి గీసిన గీతే. దాన్ని దాటినవాడు జైలు గోడ దాటాడేమో గాని, బతుకులోకి యింకా అడుగు పెట్టలేదు.