గడి నుంచి గడపకి

సోనారి అనే ఊరు దేశంలో ఒక్కటే లేదు. అస్సాంలో చరాయిదేవ్ జిల్లా కేంద్రం సోనారి. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని దగ్గర, విమానాశ్రయం ఉన్న పేట కూడా సోనారే. కవరు మీద ఊరి పేరొక్కటే రాసి డబ్బాలో వేస్తే అది ఎటు పోతుందో చెప్పడం కష్టం. ఇలాంటి తికమకలు తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ తపాలా శాఖ ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా. జంషెడ్‌పూర్ సోనారికి దక్కింది 831011. మొదటి 8 బిహార్, జార్ఖండ్‌లకు గుర్తు. మొదటి మూడంకెలు కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసు. అస్సాం సోనారి పిన్ 78తో మొదలవుతుంది కాబట్టి ఇక గొడవ లేదు.

చిరునామాల జాబితాతో కుస్తీ పట్టడం మాత్రం జంషెడ్‌పూర్‌కు పుట్టుకతోనే వచ్చింది. ఆ ఊరిని కట్టిన టాటా ఉక్కు కంపెనీ 1907లో వాటాలు అమ్మకానికి పెడితే మూడు వారాల్లో దాదాపు 8,000 మంది భారతీయులు కొనేశారు. వాళ్లందరికీ ఒక్క నోటీసు పంపాలన్నా 8,000 కవర్ల మీద పేర్లు రాయాలి. తప్పు పడిందంటే ఒకరి డబ్బు మరొకరి గుమ్మం తడుతుంది.

ఈ చేతినొప్పికి అమెరికాలో అప్పటికే ఒక యంత్రం పుట్టింది. అయోవా రాష్ట్రంలోని సూ సిటీకి చెందిన జోసెఫ్ స్మిత్ డంకన్ 1896లో అడ్రెసోగ్రాఫ్‌కు పేటెంటు పొందాడు. ఒక్కో మనిషి పేరూ ఊరూ ఒక్కో లోహపు రేకు మీద ఉబ్బెత్తుగా అచ్చు కొట్టి, రేకులను సొరుగుల్లో వరసగా అమర్చుకునేవారు. యంత్రంలో రేకు కదులుతుంటే సిరా రిబ్బను మీదుగా కవరు మీద ముద్ర పడేది. చందాదారు ఇల్లు మారితే ఒక్క రేకు తీసి కొత్తది పెడితే సరి. నేటి స్ప్రెడ్‌షీట్‌లో అడ్డ వరస చేసే పని అదే, కాకపోతే అప్పట్లో అది చేతికి బరువుగా తగిలేది. తడి చేయకుండానే అంటుకునే లేబుల్ 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ చేతుల మీదుగా వచ్చింది. కాబోయే భార్య ఇచ్చిన వంద డాలర్ల అప్పుతో, వాషింగ్ మెషీన్ మోటారూ కుట్టు మిషను భాగాలూ కలిపి ఆయన తన యంత్రాన్ని తయారుచేసుకున్నాడు.

మన దేశంలో జాబితాలు రేకుల నుంచి చిల్లుల కార్డుల్లోకి మారిన కథలో జంషెడ్‌పూర్‌కూ చోటుంది. 1968లో మొదలైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తొలి పనుల్లో ఒకటి ఈ ఉక్కు కంపెనీకి పంచ్ కార్డుల సేవ అందించడం. ఆ తర్వాత 1979లో విసికాల్క్, 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ అనే స్ప్రెడ్‌షీట్లు వచ్చాయి. వర్డ్‌స్టార్ అనే టైపు ప్రోగ్రామ్‌కు తోడుగా మెయిల్‌మెర్జ్ అనే ప్రోగ్రామ్ అమ్మేవారు. డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లో లేబుళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉండేది. తొంభైలలో వీధి చివరి కంప్యూటర్ సెంటర్‌లో డిప్లొమా చేసిన వాళ్లలో మెయిల్ మెర్జ్ చదవని వాళ్లు అరుదు. పరీక్ష అయ్యాక దాన్ని వాడిన వాళ్లు అంతకన్నా అరుదు!

అసలు పనిలో పెద్ద మర్మమేమీ లేదు. ఒకచోట పట్టిక ఉంటుంది. ఇంకోచోట లేబుల్ నమూనా. పేరు రావలసిన చోట పేరు వరస, పిన్ రావలసిన చోట పిన్ వరస అని నమూనాలో గుర్తులు పెడితే మిగతాది యంత్రం చూసుకుంటుంది. ఎ4 కాగితం మీద 64 మి.మీ. వెడల్పు, 34 మి.మీ. ఎత్తుతో 24 లేబుళ్లుండే షీట్లు బజార్లో దొరుకుతాయి. మొదటిది తప్ప మిగతా ప్రతి లేబుల్ మొదట్లో ‘తర్వాతి మనిషికి వెళ్లు’ అనే సూచన ఉండాలి. అది లేకపోతే ఇరవై నాలుగింటి మీదా ఒకరి పేరే దర్శనమిస్తుంది.

చిక్కు మన పేర్లలోనూ మన ఇంటి నంబర్లలోనూ ఉంది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు బిష్టుపూర్‌లో రామమందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఉన్నాయి. ఇలాంటి సంఘం దేనికైనా ఉగాది పిలుపులు పంపాల్సి వచ్చిందనుకోండి. పట్టికలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు చివర మిగిలేది ఏ రావో, నాయుడో. చివరి పేరుతో అకారాది క్రమం పెడితే సగం సభ్యులు ఒకే కుటుంబమై కూర్చుంటారు. నన్నడిగితే పేరుకు ఒకే గడి చాలు, పిలిచినట్టే రాయాలి.

ఇంటి నంబరు సంగతి ఇంకా ఘోరం. ఆంధ్రలోని బంధువుల ఇల్లు 3-4-12 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని 2012 ఏప్రిల్ 3 అనుకుంటుంది. కంగారుపడి ఆ గడిని మామూలు అక్షరాల గడిగా మార్చితే 41002 అని కనిపిస్తుంది, అంటే 1900 నుంచి ఎక్సెల్ లెక్కలో ఆ తేదీ వరస సంఖ్య. పోస్ట్‌మ్యాన్ ఆ ఇంటిని ఈ జన్మకు కనిపెట్టలేడు. టైపు చేయకముందే ఆ నిలువు వరస మొత్తాన్ని టెక్స్ట్‌గా పెట్టుకోవడం మంచి దారి. ఈ జబ్బు బాధితులం మనమే కాదు. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ తేదీగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఎడిసన్ జిప్ కోడ్ 08820లో ముందున్న సున్నా ఎగిరిపోయి 8820 మిగులుతుంది. మన దేశంలో సున్నాతో మొదలయ్యే పిన్ లేదు, అదొక్కటి వేలణ్‌కర్ పుణ్యం.

ఇక లేబుల్ మీద తెలుగు. అను ఫాంట్లలో కొట్టిన పాత జాబితా ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉన్నా, పాత జాబితాలను దానిలోకి మార్చే ఓపిక చాలామందికి లేకపోయింది. సోనారిలో ఉత్తరం పంచే మనిషి తెలుగు చదవగలడని అనుకోలేం కాబట్టి కవరు మీద హిందీ గానీ ఇంగ్లీషు గానీ, లోపలి పిలుపు మీద తెలుగూ వేయాలంటే పట్టికలో రెండు వరసలు ఉంచక తప్పదు.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తీర్చిదిద్దిన పది గుర్తుల కోడ్ ఇది. దేశాన్ని దాదాపు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఇచ్చారు. ఇది పటం మీది అక్షాంశ రేఖాంశాలతో కట్టిన లెక్క కాబట్టి ఎత్తుతో దీనికి పని లేదు. అపార్ట్‌మెంట్‌లో ఒకే చదరం మీద నిలువునా పేర్చిన అయిదు అంతస్తుల వాళ్లకూ ఒకే కోడ్. పట్టికలో ఫ్లాట్ నంబరు వరసను తీసేయకండి.