కళావ్యాపారం, కళాపరిశోధన: అల్కాజీ దంపతుల కృషి

కళను అమ్మేవారు ఒక తెగ, కళను గూర్చి శోధించేవారు మరొక తెగ అన్న అభిప్రాయం మన విద్యావంతులలో చాలకాలంగా ఉన్నది. అంగడిలో కూర్చున్నవాని మాటలో లాభాపేక్ష ఉంటుందనీ, గ్రంథాలయంలో కూర్చున్నవాని మాటలో అది ఉండదనీ అనుకోవడం పరిపాటి. ఈ శంకలో నిజం లేకపోలేదు. తాను అమ్మదలచిన చిత్రాన్ని తానే మెచ్చుకొనేవానిని ఎంతవరకు నమ్మవచ్చు? ఢిల్లీలో చిత్రశాలను నెలకొల్పి నడిపిన అల్కాజీ దంపతుల చరిత్ర ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇస్తున్నది.

ఇబ్రహీం అల్కాజీ 1925లో పుణేలో, అరబ్బు వర్తకుల కుటుంబంలో జన్మించినారు. రోషన్ 1923లో బొంబాయికి చెందిన పదమ్‌సీ కుటుంబంలో జన్మించినారు. ఆమె సోదరుడు సుల్తాన్ పదమ్‌సీ నెలకొల్పిన థియేటర్ గ్రూప్ అనే నాటకసమాజం వీరిరువురినీ దగ్గర చేసినది. 1946లో వివాహం జరిగినది. తరువాత ఇబ్రహీం లండన్ వెళ్లి రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో శిక్షణ పొందినారు. ఆయనకు నాటకమెంత ప్రియమో చిత్రలేఖనమూ అంత ప్రియం. స్వయంగా చిత్రాలు వ్రాసినవారు.

స్వదేశానికి తిరిగివచ్చిన పిమ్మట, 1950ల దశకంలో, ఈ దంపతులు బొంబాయిలో ‘ఇది ఆధునిక కళ’ అనే పేరుతో వరుసగా ప్రదర్శనలు ఏర్పాటు చేసినారు. పాశ్చాత్య చిత్రకారుల మూలచిత్రాలను తెప్పించడం సామాన్యమైన పని కాదు. అందువల్ల ముద్రిత ప్రతికృతులనే గోడలకు అమర్చి ఆ చిత్రకారుల మార్గాలను ప్రేక్షకులకు పరిచయం చేసినారు. అక్కడ అమ్మకానికి పెట్టినదేమీ లేదు. జనులకు చూపు అలవడితేగాని కళకు ఆదరణ కలుగదని వారి నమ్మకం. తరువాతి వ్యాపారానికంతటికీ పునాది ఇక్కడ పడినది.

1962లో ఇబ్రహీం జాతీయ నాటక విద్యాలయానికి సంచాలకులై ఢిల్లీ వచ్చినారు. 1977 వరకు ఆ పదవిలో ఉన్నారు. ధర్మవీర్ భారతి ‘అంధాయుగ్’ను ఫిరోజ్‌షా కోట్లా శిథిలాలలోనూ, గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ను పురానా కిలాలోనూ ప్రదర్శించి, పాతకోటలను రంగస్థలాలుగా మార్చినారు. ఆయన నాటకాలకు వేషభూషలను కల్పించిన బాధ్యత ముఖ్యంగా రోషన్‌ది. పురాణపురుషునికో, మధ్యయుగపు సుల్తానుకో దుస్తులు కుట్టించవలసి వచ్చినప్పుడు, ఆ కాలపువారు నిజంగా ఏమి ధరించేవారన్న ప్రశ్న తప్పదు. వస్త్రం మన వాతావరణంలో వేయేళ్లు నిలువదు. నిలిచినది శిల్పం, కుడ్యచిత్రం. కాబట్టి ఆమె దుస్తుల కోసం రాతిని ఆశ్రయించవలసి వచ్చినది.

1977లో వీరు త్రివేణి కళాసంగమంలో ఆర్ట్ హెరిటేజ్ అనే చిత్రశాలను స్థాపించినారు. అమెరికాలో జన్మించి ఢిల్లీలో స్థిరపడిన వాస్తుశిల్పి జోసెఫ్ ఎలెన్ స్టైన్ రూపకల్పన చేసిన ఆ భవనం 1963 నుండి నగరంలోని కళాకారులకు కూడలిగా ఉన్నది. అప్పటికి ఢిల్లీలో చిత్రాల వర్తకం లేకపోలేదు. 1936 నాటి ధూమీమల్, 1955 నాటి కుమార్ గ్యాలరీ ఉండనే ఉన్నవి. అయితే చిత్రాలు కొనేవారు తక్కువ. చిత్రకారుల కృషిని క్రమంగా నమోదు చేసే అలవాటు ఇంకా తక్కువ.

ఆర్ట్ హెరిటేజ్ ప్రదర్శనలతోపాటు వ్యాససహితమైన ప్రచురణలను కూడా వెలువరించినది. కె.జి. సుబ్రహ్మణ్యన్, అర్పితా సింగ్ వంటి వారి చిత్రాలు అక్కడ ప్రదర్శితమైనవి. ఈ ప్రచురణల విలువ పైకి కనిపించేదానికంటె ఎక్కువ. చిత్రం అమ్ముడుపోగానే ఏదో ఒక ఇంటి గోడకు చేరుతుంది. ఆ ఇల్లు చేతులు మారితే అది ఎక్కడున్నదో చెప్పగలవారుండరు. అప్పుడు చరిత్రకారునికి మిగిలేది దాని పేరు, సంవత్సరం, కొలతలు, ఛాయాచిత్రం నమోదైన పట్టిక మాత్రమే. అమ్మకం వస్తువును చెదరగొట్టుతుంది. పట్టిక దాని జాడను నిలుపుతుంది. ఆ రెండు పనులూ ఒకే కప్పు క్రింద జరిగినవి.

రోషన్ పరిశోధన 1983లో ‘ప్రాచీన భారతీయ వస్త్రధారణ’ను గూర్చిన ఆంగ్లగ్రంథంగా ఆర్ట్ హెరిటేజ్ పక్షాననే వెలువడినది. మౌర్య, శుంగ, శాతవాహన, కుషాణ, గుప్త యుగాలు అందులోని విభాగాలు. శాతవాహన యుగాన్ని ఆమె ప్రత్యేకంగా పరిశీలించడం ఆంధ్రపాఠకులకు ఆసక్తికరం. అమరావతి శిల్పాలలో పెక్కు నేడు లండన్, చెన్నై నగరాల ప్రదర్శనశాలలలో ఉన్నవి. వాటిని బౌద్ధకథల దృష్టితో చదివినవారు అనేకులు. నడుముకు చుట్టిన అంతరీయం, భుజాన వేసిన ఉత్తరీయం, బిగించి కట్టిన కాయబంధం అనే మూడు కుట్టులేని వస్త్రాల దృష్టితో చదివితే అదే శిల్పం మరొక సంగతి చెబుతుంది. గోచి దోపి కట్టినప్పుడు ఒక తీరు, చుట్టి వ్రేలాడవిడిచినప్పుడు ఒక తీరు. బట్ట ఒకటే, కట్టులో భేదం. మన పల్లెలలోని పంచెకట్టు ఎరిగినవానికి ఈ వివేచన వెంటనే బోధపడుతుంది. 1996లో నేషనల్ బుక్ ట్రస్ట్ ఈ గ్రంథాన్ని ప్రచురించడంతో ఇది సామాన్యవిద్యార్థులకు కూడా అందినది.

ఇబ్రహీం శోధన వేరొక దారి పట్టినది. పందొమ్మిదవ శతాబ్దపు ఛాయాచిత్రాలను ఆయన దేశవిదేశాలనుండి సేకరించినారు. ఆ భాండారంలో సుమారు 1,00,000 చిత్రాలు చేరినవి. 2006లో అల్కాజీ ఫౌండేషన్ ఏర్పడి వాటిని అధ్యయనానికి తెరచినది. 2008లో జార్జ్ మిచెల్ సంపాదకత్వంలో విజయనగరాన్ని గూర్చి వెలువడిన గ్రంథం ఆ భాండారపు ఫలమే. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా హంపిలో తీసిన ఛాయాచిత్రాలు అందులో ఉన్నవి. జీర్ణోద్ధరణకు పూర్వపు శిథిలాల రూపాన్ని ఎరుగగోరేవారికి అవి ప్రత్యక్షసాక్ష్యాలు.

ఇక మొదటి ప్రశ్న. వర్తకుని ప్రశంస ధరను పెంచుతుందన్న శంకకు వీరు అతీతులని చెప్పరాదు. ఏ చిత్రకారుని గోడమీదికి ఎక్కించాలో నిర్ణయించేవాడు చరిత్రను కొంత తానే వ్రాస్తున్నాడు. అయితే ప్రశంసను పరీక్షించే సాధనాలను కూడా ఆ వర్తకుడే పాఠకుని చేతికి ఇచ్చినప్పుడు శంక తీవ్రత తగ్గుతుంది. పట్టిక, గ్రంథం, ఛాయాచిత్రం ఎవరైనా తిరిగి చూడదగినవి. తప్పైతే తప్పని చూపదగినవి.

ఈ దంపతులు కాలక్రమాన విడివిడిగా నివసించినారు. వివాహబంధం మాత్రం తెగలేదు, చిత్రశాల మూతపడలేదు. రోషన్ దాని నిర్వహణభారాన్ని వహిస్తూనే వచ్చినారు. ఆమె 2007లోనూ, ఇబ్రహీం 2020లోనూ మరణించినారు. 2010లో ఇబ్రహీంకు పద్మవిభూషణ్ లభించినది. నాటకచరిత్రలలో ఆయన పేరు పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. రోషన్ పేరు సాధారణంగా వేషభూషల వరుసలో, చిన్న అక్షరాలలో ఉంటుంది. కాని అమరావతి ఫలకం ముందు నిలిచి, ఆ స్త్రీ నడుమున ఉన్నది ఆభరణమా వస్త్రమా అని సందేహించే విద్యార్థి వెదకి తెరవవలసిన పుస్తకం ఆమెదే.