పదో వంతు నేల: లేఅవుట్ పరిశీలన ఎప్పుడు జరగాలి?

పదెకరాల చేను వెంచర్‌గా మారుతోందనుకుందాం. ఎకరానికి 4,840 గజాల లెక్కన మొత్తం 48,400 గజాలు. నిబంధనల ప్రకారం అందులో పదో వంతు, అంటే సరిగ్గా ఒక ఎకరం, ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు వందకు ముప్పై పాళ్లు పోతాయనుకుంటే అమ్మకానికి మిగిలేది 29,040 గజాలు. అదే చేనును ఎవరి అనుమతీ లేకుండా ముక్కలు చేస్తే పార్కు ఉండదు, రోడ్లు సన్నబడతాయి. వందకు డెబ్బై అయిదు పాళ్లు ప్లాట్లకే పోతే 36,300 గజాలు అమ్ముకోవచ్చు. తేడా 7,260 గజాలు, ఎకరంన్నర. పిల్లలు ఆడుకోవాల్సిన చోటు, వాన నీరు ఇంకాల్సిన చోటు, రేపు అంగన్‌వాడీయో నీళ్ల ట్యాంకో కట్టుకోవాల్సిన చోటు, అంబులెన్సు మలుపు తిరగాల్సిన వెడల్పు, అన్నీ ఆ ఎకరంన్నరలోనే ఉన్నాయి. లేఅవుట్ దరఖాస్తును స్థానిక ప్రభుత్వం పరిశీలించడమంటే ఈ ఎకరంన్నర ఎవరిదో తేల్చడమే. మొదటి ప్లాటు రిజిస్ట్రేషన్ కాకముందు తేల్చితేనే ఆ తీర్పుకు విలువ అన్నది ఈ వ్యాసం వాదన. ఆ తర్వాత ఎంత రుసుము వసూలు చేసినా అది జమాఖర్చుల వ్యవహారమే అవుతుంది, ప్రణాళిక అనిపించుకోదు.

చట్టం ఈ సంగతిని మొదటి నుంచీ గుర్తించింది. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం దగ్గర మొదలై, హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ప్రాంతాల పట్టణాభివృద్ధి సంస్థలకు ఆధారమైన 1975 చట్టం, 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు, ఆంధ్రప్రదేశ్‌లో 2017 లేఅవుట్ నిబంధనలు, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్, 2019 మునిసిపల్ చట్టాలు, అన్నిటి నడక ఒకటే: ముందు అనుమతి, తర్వాత అమ్మకం. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చుకోవాలి. సాంకేతిక ఆమోదంతో ప్రాథమిక లేఅవుట్ తెచ్చుకోవాలి. ప్లాట్లలో 15 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు స్తంభాలు వేసి చూపించాకే తనఖా విడుదలై తుది అనుమతి వస్తుంది. రోడ్లు, ఖాళీ స్థలాలు స్థానిక సంస్థకు దఖలు పడతాయి. పని పూర్తి కాకుంటే ఆ 15 శాతం ప్లాట్లు అమ్మి పంచాయతీయో మునిసిపాలిటీయో పూర్తి చేయవచ్చు. మంచి ఏర్పాటే. అయితే దీని బలమంతా అమ్మకందారు చేతిలో ఇంకా నేల మిగిలి ఉండటంలోనే ఉంది. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక తనఖా పెట్టడానికి ఏమీ ఉండదు, తనఖా పెట్టాల్సిన మనిషి కూడా కనిపించడు.

అనుమతి లేకుండా వేసిన లేఅవుట్లకు తర్వాత రుసుము తీసుకుని ఆమోదమిచ్చే క్రమబద్ధీకరణ పథకాలు (ఎల్ఆర్ఎస్) ఈ వరసను తలకిందులు చేశాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జీవో 902తో ఒకసారి, తెలంగాణలో 2015 నవంబరులో జీవో 151తో మరోసారి, 2020 ఆగస్టు 31న జీవో 131తో ఇంకోసారి ఎల్ఆర్ఎస్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో ఇలాంటిదే వచ్చింది. తెలంగాణలో 2020 పిలుపుకు వచ్చిన దరఖాస్తులు 25 లక్షల పైచిలుకు. నాలుగున్నరేళ్ల తర్వాత కూడా వాటి పరిష్కారం కోసం 2025 మార్చి 31 గడువుగా రుసుములో 25 శాతం రాయితీ ప్రకటించాల్సి వచ్చింది. పదమూడేళ్లలో మూడుసార్లు తెరిచిన తలుపును ఎవరూ మినహాయింపుగా చూడరు. అనుమతి లేకుండా కోసినా ఏదో ఒక రోజు ఎల్ఆర్ఎస్ వస్తుందన్న భరోసా వెంచర్ ధరలోనే కలిసిపోతుంది. తెలంగాణ 2020 నిబంధనల్లో ఒక షరతు దీనికి ఊతమిచ్చింది. నిర్ణీత తేదీకి ముందే కనీసం 10 శాతం ప్లాట్లు రిజిస్టర్డ్ దస్తావేజుతో అమ్ముడై ఉంటే ఆ లేఅవుట్ పథకం కిందికి వస్తుంది. అనుమతి కోసం ఆగినవాడికి ఇందులో దక్కిందేమీ లేదు. ఆగకుండా అమ్మినవాడి లేఅవుట్‌కు మాత్రం దారి దొరికింది.

ఆ నిబంధనల్లో మరో అంకె ఉంది, దాని దగ్గర కాసేపు ఆగాలి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం లేకపోతే ప్లాటు యజమాని తన ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. ప్లాట్ల విస్తీర్ణం మొత్తంలో 70 శాతం అనుకుని, వదలాల్సిన పదింటిని డెబ్బైతో భాగిస్తే వచ్చేది రమారమి 14. లేని పార్కును ప్లాట్ల మీద పంచిన లెక్కగా దీన్ని చదువుకోవచ్చు. గణితంగా చూస్తే న్యాయంగానే ఉంది. కానీ విలువ కట్టేది ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన నాటి లెక్కన. మొదట చెప్పిన చేనులో గజం అప్పట్లో వెయ్యి రూపాయలు, ఇప్పుడు పదివేలు అనుకుందాం. 36,300 గజాల మీద 14 శాతం అంటే వసూలయ్యేది 50 లక్షల 82 వేలు. అదే చోట ఎకరం కొనాలంటే ఇప్పుడు కావాల్సింది 4 కోట్ల 84 లక్షలు. ప్రతి పైసా ఆ కాలనీకే ఖర్చు చేస్తారనుకున్నా, దానితో కొనగలిగేది ఎకరంలో పదో వంతుకు కాస్త ఎక్కువ. అదీ అమ్మేవాళ్లుంటే. నాలుగు వైపులా ఇళ్లు లేచిన కాలనీ మధ్యలో పార్కుకు సరిపడే ముక్క ఏ ధరకూ దొరకదు. పైగా ఈ 14 శాతం కడుతున్నది ప్లాటు కొన్న గుమస్తా, ఆటో డ్రైవరు, గల్ఫ్‌లో కూలి చేసి డబ్బు పంపిన తమ్ముడు. ఎకరంన్నర అదనంగా అమ్ముకున్నవాడి మీద ఆ భారం పడదు. కొన్నవాళ్లు ఆ నేలకు రెండుసార్లు ధర చెల్లిస్తున్నారు. రెండోసారి చెల్లించినా నేల రావడం లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. కొన్నవాళ్లలో ఎక్కువమంది పేదలు, మధ్యతరగతివాళ్లు, క్రమబద్ధీకరణ లేకపోతే వాళ్ల బతుకేమిటి? 2020 ఆగస్టు 26 నుంచి కొన్ని నెలల పాటు తెలంగాణలో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయినప్పుడు, పెళ్లికో వైద్యానికో ఉన్న ఒక్క ప్లాటు అమ్ముకోవాలనుకున్నవాళ్లు నలిగిపోయారు. ఆ నిషేధాన్ని డిసెంబరులో సడలించక తప్పలేదు. ఈ బాధ నిజం, కొన్నవాళ్లను శిక్షించమని ఈ వ్యాసం అడగడం లేదు. అయితే ఈ అభ్యంతరం చెప్పేది కొనుగోలుదారును ఆదుకోవాలని మాత్రమే. అమ్మినవాడిని వదిలేయమని అందులో ఎక్కడా లేదు. క్రమబద్ధీకరణకు వచ్చిన ప్రతి దరఖాస్తుతో పాటు అమ్మకం దస్తావేజు ప్రతి ఉంది, అందులో అమ్మినవాడి పేరుంది, సర్వే నంబరుంది. ఖాళీ స్థలం బాకీని ఆ పేరు మీద రాసి, ఆ లేఅవుట్‌లో అతని దగ్గర మిగిలిన ప్లాట్ల నుంచి నేలగానే రాబట్టడానికి మొదట ప్రయత్నించాలి. అది కుదరని చోటే డబ్బు మాట ఎత్తాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి ఎదురు.

పరిశీలన ఎప్పుడు జరగాలన్న దానితో పాటు ఎవరు చేయాలన్న ప్రశ్న కూడా తేలాలి. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో భూ వినియోగ నియంత్రణ లేదు. భూమి అభివృద్ధి, భూసంస్కరణల అమలు, కమతాల ఏకీకరణ ఉన్నాయి. వెంచర్లు పుట్టేది మాత్రం ఎక్కువగా ఊరి పొలిమేరల్లోనే. అందుకే పంచాయతీ చాలాచోట్ల దరఖాస్తును పైకి పంపి, పై నుంచి వచ్చిన సాంకేతిక ఆమోదం మీద ముద్ర వేసే పోస్టాఫీసుగా మిగిలింది. భూ వినియోగ మార్పు సంగతి చూద్దాం. మాస్టర్ ప్లాన్‌లో పరిరక్షణ జోన్‌గా ఉన్న నేలను నివాస జోన్‌గా మార్చాలంటే అభ్యంతరాలు కోరుతూ పత్రికలో ప్రకటన ఇస్తారు. ఆ ప్రకటనలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, తూర్పున ఫలానా రోడ్డు అంటూ నాలుగు హద్దులు ఉంటాయి. ఈ మార్పు ఎందుకు కావాలి, ఆ నేల మీదుగా పారే వాన నీరు ఎటు పోతుంది, బడి ఎంత దూరం అన్న సంగతులు చెప్పే వరస అందులో ఉండదు. పక్క సర్వే నంబరు రైతు దాన్ని చూసినా దేనికి అభ్యంతరం చెప్పాలో తెలియదు. అభ్యంతరం రాలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నట్టే అని ఫైలు ముందుకు పోతుంది.

ఆ రైతుకు మాత్రం కార్యాలయంలో తెలియనిది తెలుసు. వేసవిలో ఎండి కనిపించే వాగు భాద్రపదంలో ఎంత వెడల్పు పారుతుందో, చెరువు అలుగు దూకితే ఏ చేను మునుగుతుందో ఊళ్లో పెద్దవాళ్లు చేత్తో చూపిస్తారు. 2012 భవన నిబంధనలు పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలమన్నాయి. ఆ నీటిమట్టం గీత ఎక్కడుందో పటంలో తప్పు పడితే ఆ మీటర్ల లెక్కకు అర్థం లేదు. జీవో 131 వచ్చిన ఆరు వారాలకే, 2020 అక్టోబరు 13న కురిసిన వానకు హైదరాబాద్‌లో చెరువుల కింద, నాలాల వెంట ఉన్న కాలనీలు మునిగాయి. కాగితాల మీద అనుమతి ఉన్న కాలనీలు కూడా వాటిలో ఉన్నాయి. నీటి దారి తెలిసినవాళ్లను అడగకుండా గీసిన పటానికి ఎన్ని సంతకాలున్నా ఆ లోటు పూడదు.

స్థానిక సంస్థల చేతికిస్తే అవినీతి పెరుగుతుందనేవాళ్లున్నారు. పంచాయతీ లేఅవుట్ అన్న మాటకే చెడ్డపేరు రావడానికి కారణముంది. సాంకేతిక ఆమోదం లేకుండా సర్పంచి సంతకంతో వేసిన వెంచర్లు తక్కువేమీ కావు. దీన్ని కాదనడం లేదు. కానీ అధికారాన్ని పైకి తీసుకుపోయాక కూడా ఎల్ఆర్ఎస్ మళ్లీ వచ్చింది కదా. లోపం అంతస్తులో లేదు, కారణం రాయకుండా నిర్ణయం తీసుకునే వెసులుబాటులో ఉంది. ఈ విషయంలో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెంగళూరు మెడికల్ ట్రస్టు తీర్పు ఇప్పటికీ దారి చూపుతుంది. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, ఆ ప్రాంతవాసులు కోర్టుకెక్కారు. కేటాయింపు చెల్లదని, పార్కు పోతుంటే ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవారికి ఉందని కోర్టు చెప్పింది. ఆ ఆదేశం ఇచ్చింది గ్రామ కార్యదర్శి కాదు, రాష్ట్రంలో అందరికన్నా పైనున్న కార్యనిర్వాహకుడు. దాన్ని నిలదీసింది పక్కింటివాళ్లు. కాబట్టి సాంకేతిక పరిశీలన పట్టణ ప్రణాళికా విభాగం దగ్గరే ఉండనిచ్చి, దానికి ముందు గ్రామసభలోనో వార్డులోనో విచారణ జరిపి, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వడం మేలు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు.

దీనివల్ల జాప్యం పెరుగుతుందని, జాప్యమే లంచాలకు పుట్టిల్లని అనేవాళ్ల మాటలో నిజముంది. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల విధానం టీఎస్-బీపాస్ 75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతే అక్కర్లేదంది. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు పెట్టింది, గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే. ఇళ్ల విషయంలో ఇది మంచి సంస్కరణ, అభినందించాలి. కానీ అదే తర్కాన్ని లేఅవుట్‌కు వర్తింపజేయడం కుదరదు. ఇల్లు తప్పుగా కడితే గోడ తీసి సరిచేయవచ్చు, యాభై ఏళ్లకు ఇల్లే పడగొట్టి కొత్తది కట్టుకుంటారు. హద్దురాళ్ల మధ్య రోడ్డు వెడల్పు ఒకసారి ఖరారైతే మూడు తరాలవాళ్లు అందులోనే తిరగాలి. మార్చలేని నిర్ణయానికి ఒక నెల ఎక్కువ తీసుకోవడం జాప్యం కాదు.

ఆస్తి హక్కు నుంచి వచ్చే అభ్యంతరం మరొకటి. సొంత భూమిలో పదో వంతు ఊరికే ఎందుకివ్వాలి? 1994లో చేత్‌రామ్ వశిష్ట్ కేసులో సుప్రీంకోర్టు, చట్టంలో స్పష్టమైన నిబంధన లేకుండా ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ ఖాళీ స్థలాల యాజమాన్యాన్ని ఉచితంగా బదలాయించమని షరతు పెట్టలేదంది. ప్రజల తరఫున సంరక్షకురాలిగా వాటిని నిర్వహించవచ్చని కూడా అంది. అంటే కావాల్సింది చట్టంలో స్పష్టత. న్యాయం సంగతికొస్తే, పార్కు ఎదుట ప్లాటుకు గజానికి ఎంత ఎక్కువ అడుగుతారో ఏ వెంచర్ బ్రోచరు చూసినా తెలుస్తుంది. ఆ నేల ధర మిగతా ప్లాట్లలో వసూలవుతూనే ఉంది.

గుంటల లెక్కన అమ్మే ఫామ్‌ప్లాట్లు ఈ పరిశీలనను పూర్తిగా దాటవేస్తున్నాయి. గుంటంటే 121 గజాలు. కాగితం మీద వ్యవసాయ భూమి కాబట్టి తెలంగాణలో రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో అవుతుంది, లేఅవుట్ అన్న మాటే రాదు. ఇవాళ అయిదు గుంటలు, పదేళ్లకు అక్కడ కాలనీ. మరో ఎల్ఆర్ఎస్ అవసరం అక్కడ పుడుతోంది.

ప్రభుత్వాలను కోరేది ఇది. హద్దురాళ్లు పాతకముందే ప్రతి లేఅవుట్ పటాన్ని ఆ ఊరి పంచాయతీ గోడ మీద, పట్టణమైతే వార్డు కార్యాలయం గోడ మీద తెలుగులో అతికించండి. పార్కు ఏ సర్వే నంబరులో ఎన్ని గజాలో, వాగు ఎటు పారుతుందో, రోడ్డు వెడల్పెంతో పెద్దక్షరాల్లో రాయండి. నెల రోజులు ఉంచి, వచ్చిన మాటలన్నీ విని, జవాబు రాసి, అప్పుడు సంతకం చేయండి. కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.