మందునకు లొంగని రక్తహీనత



మూత్రపిండములు దేహములోని మలినములను వడకట్టునని మన మెరుగుదుము. వానికి వేరొక పనియు గలదు. ఎర్ర కణములను పుట్టింపుమని ఎముకలలోని మూలుగకు ఆజ్ఞ పంపునవి అవియే. ఆ యాజ్ఞను మోసికొనిపోవు పదార్థమునకు ఎరిత్రోపోయిటిన్ అని పేరు. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ యంత్రము రక్తమును శుద్ధి చేయును గాని, యీ యాజ్ఞను పంపజాలదు. కావుననే రోగి పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడును.

ఇట్టి పదార్థ మొకటి యుండవలెనని 1906లో పారిస్ నగరమున కార్నో, డిఫ్లాండర్ అను వారు ఊహించిరి. అది మూత్రపిండములయందే పుట్టునని 1957లో చికాగో పండితులు చూపిరి. జపాను దేశీయుడగు మియాకే రోగుల మూత్రమును 2,550 లీటర్లు ప్రోగుచేయగా, 1977 నాటికి అందుండి శుద్ధముగా లభించినది కొలది మిల్లీగ్రాములే! పిదప జీవకణములచే దానిని చేయించు విద్య తెలిసెను. 1987లో సియాటిల్ వైద్యులు దానిని డయాలిసిస్ రోగుల కిచ్చి చూపగా, పరుల రక్తముపై ఆధారపడినవారు తేరుకొనిరి.

అయినను కొందరికి గుణమీయలేదు. మోతాదు పెంచిన చాలునని పలువురు తలచిరి. గుండెజబ్బుగల 1,233 మంది డయాలిసిస్ రోగులపై జరిపిన పరీక్షాఫలితము 1998లో వెలువడెను. రక్తమును ఆరోగ్యవంతుల మట్టమునకు తేవలెనని మందు హెచ్చుగా నిచ్చిన వర్గమున మరణములు తగ్గకపోగా, ఎక్కువగా కనబడెను. పరీక్షను నడుమనే నిలిపివేసిరి.

పైరు ఎదుగనిచో రైతు ఎరువుపై ఎరువు కుమ్మరింపడు. నీరందినదా, వేరుపురుగు పట్టినదా యని త్రవ్వి చూచును. మూత్రపిండ వైద్యులును నేడట్లే చేయుదురు. ముందుగా ఇనుము చాలినదా యని చూచి, కొరవడినచో నరములోని కెక్కింతురు. దేహమున ఎచ్చటనైన చీము, వాపు దాగియున్నచో కాలేయమునుండి హెప్సిడిన్ అను పదార్థము వెలువడి, ఉన్న ఇనుమును బంధించును. గాదె నిండియున్నను తాళము పడినచో వంటకు గింజ దొరకదు గదా! రక్తము లోలోన కారుచున్నదా, యంత్రశుద్ధి చాలుచున్నదా, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పెరిగినవా, ఫోలిక్ ఆమ్లము కొరవడినదా యనియు విచారింతురు. ఈ ఫోలిక్ ఆమ్లమును అమెరికాలో 1945 ప్రాంతమున కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

మందు పెంచరేమని వైద్యునిపై కోపించిన బంధువులను నేను చూచితిని. వారి ఆతురత సహజమే. కాని మీ యింట నెవరికైన నిట్టి కష్టము వచ్చినచో, “ఇంకొక సూది వేయరా?” యని గాక, “ఇది యేల పనిచేయలేదు?” అని యడుగుడు. ఆ ప్రశ్నయే రోగిని కాపాడును.