హోటల్ కూరకు పుట్టిల్లు హోటలే

ఇంట్లో ఎంత శ్రద్ధగా బటర్ చికెన్ వండినా, పనీర్ బటర్ మసాలా చేసినా, తిన్నవాళ్లు బాగుందంటూనే హోటల్ రుచి మాత్రం రాలేదంటారు. వండినవాళ్లేమో ఆ లోటును మసాలా పొడిలో వెతుకుతారు; హోటల్ వాళ్లు ఏదో దినుసు దాచారనుకుంటారు. ఈ వంటల చరిత్ర తిరగేస్తే ఆ అనుమానానికి పెద్దగా ఆధారం దొరకదు. గోంగూర మాంసం, నాటుకోడి పులుసు, రాగి సంగటి మన ఇళ్లలో పుట్టి, చాలాకాలం తర్వాత హోటల్ మెనూకెక్కాయి. బటర్ చికెన్, నాన్‌లది దానికి ఎదురు దారి. అవి మొదటినుంచీ ఇంటి బయట, ఎక్కువగా అమ్మకానికి వండినవి. వందమందికి, అడిగిన కాసేపట్లోనే, మిగిలింది పారేయకుండా వడ్డించాల్సిన వంటశాల తన ఇబ్బందులు గట్టెక్కడానికి కనిపెట్టిన పద్ధతులే క్రమంగా మన నాలుకకు హోటల్ రుచిగా అలవాటయ్యాయి.

ముందు నాన్ సంగతి. అక్బరు వంటశాల కొలతలను అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాసిపెట్టాడు. భట్టీలో కాల్చే పెద్ద రొట్టెకు 10 సేర్ల పిండి, 5 సేర్ల పాలు, సేరున్నర నెయ్యి, పావు సేరు ఉప్పు అని లెక్క చెప్పి, ఇనుప పెనం మీద కాల్చే పల్చటి రొట్టెను విడిగా పేర్కొన్నాడు. పదహారో శతాబ్దం చివరినాటికే భట్టీ రొట్టె వేరు, పెనం రొట్టె వేరు. పెనం ఏ ఇంట్లోనైనా ఉంటుంది. భట్టీ రొట్టె మాత్రం కోటలో పనివాళ్ల చేతిలో, పట్నంలో రొట్టెలు కాల్చి అమ్మే నాన్‌బాయిల దుకాణంలో తయారైంది. హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి నడుస్తోందని పేరున్న మున్షీ నాన్ దుకాణంలో ఇప్పటికీ నాలుగు మూలల చార్ కోనీ నాన్ కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్తారు, నహారీలో నంజుకుంటారు. నాన్‌ను కొనుక్కోవడమే ఆనవాయితీ కావడానికి కారణం ఇంధనం ఖర్చు. మట్టి తందూరు లోపల వేడి 400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటేనే పిండి నిమిషం రెండు నిమిషాల్లో పొంగి, పైన మచ్చలు పడి, లోపల మెత్తగా మిగులుతుంది. ఐదారు నాన్ల కోసం ఏ ఇల్లూ అంత బొగ్గు తగలెయ్యదు. పంజాబు పల్లెల్లో తందూరు ఉండేది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉండేది, కానీ చాలాచోట్ల అది పదిళ్లకూ ఉమ్మడి. సాంఝా చూల్హా అనే ఆ ఉమ్మడి పొయ్యి దగ్గరికి ఆడవాళ్లు కలిపిన పిండి తీసుకెళ్లి రొట్టెలు కాల్చుకునేవారు. అక్కడ కాల్చేవి కూడా మామూలు గోధుమపిండి రొట్టెలే, నాన్లు కావు. రొట్టెలు అమ్మేవాడైనా ఉండాలి, ఖర్చు పంచుకునే వాడకట్టైనా ఉండాలి. ఒక్క కుటుంబం కోసం తందూరు రాజేస్తే గిట్టుబాటు కాదు.

కూర చరిత్ర ఇంకా దగ్గరిది. పెషావర్‌లో ఒక హోటల్లో పనిచేసిన కుందన్‌లాల్ గుజ్రాల్, కుందన్‌లాల్ జగ్గీ దేశ విభజనతో ఢిల్లీ చేరుకుని, మరికొందరితో కలిసి 1947లో దర్యాగంజ్‌లో మోతీ మహల్ తెరిచారు. తందూరీ చికెన్‌కు దేశమంతటా పేరు తెచ్చిన హోటల్ అదే. బటర్ చికెన్‌ను కనిపెట్టింది ఎవరన్న తగాదా 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. గుజ్రాల్ వారసుల మాట ప్రకారం, అమ్ముడుపోని కోళ్లు ఎండిపోకుండా వెన్న, టమాటా గ్రేవీలో వేయాలన్న ఆలోచన ఆయనది. జగ్గీ వారసుల కథలో, రాత్రి పొద్దుపోయాక వచ్చిన గుంపుకు మిగిలిన కొద్ది కోడిని సరిపెట్టడానికి గ్రేవీ కలిపారు. తీర్పు ఎవరివైపు వచ్చినా చరిత్రకు కావాల్సిన సాక్ష్యం ఇద్దరి మాటల్లోనూ ఉంది. ఒకరిది మిగిలిపోయిన సరుకు సమస్య, మరొకరిది చాలని సరుకు సమస్య. రెండూ గల్లాపెట్టె ఉన్నచోట పుట్టే సమస్యలే. తందూరులో ఒకసారి కాలిన కోడిని రెండోసారి గ్రేవీలో ఉడికించే ఈ వంట, పక్కనే భట్టీ రోజంతా మండుతుంటే తప్ప ఎవరికీ తట్టదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇవి మొఘలాయీ వంటలని, హోటళ్లు వాటిని కాపాడాయే తప్ప పుట్టించలేదని చాలామంది నమ్ముతారు. మెనూ కార్డుల మీద మొఘలాయీ అన్న మాట ఆ నమ్మకాన్ని పెంచింది. ఐన్-ఇ-అక్బరీ వంటకాల జాబితాలో నెయ్యి, ఉల్లి, అల్లం, మిరియాలు, లవంగాలు, కుంకుమపువ్వు కనిపిస్తాయి. టమాటా లేదు, మిరపకాయ లేదు. బటర్ చికెన్‌కు ఆధారమైన మఖనీ గ్రేవీలోంచి టమాటా తీసేస్తే మిగిలేదేమీ ఉండదు. జీడిపప్పు, బాదం ముద్దలతో చిక్కదనం తేవడం, కబాబు కాల్చడం వంటి పనితనం పాత నవాబీ వంటశాలల నుంచి వచ్చిందన్నది ఒప్పుకోవాల్సిందే. ఆ పనితనాన్ని పంజాబీ తందూరుతో, టమాటాతో, వెన్నతో జతచేసి ఊరూరా ఒకే రుచిగా మార్చింది మాత్రం స్వతంత్ర భారతంలోని హోటలే.

అన్ని ఊళ్లలో ఒకే రుచి రావడానికి కారణం గ్రేవీ పద్ధతి. పెద్ద హోటల్లో ఉదయమే మూడు నాలుగు గిన్నెలు సిద్ధమవుతాయి: వేయించిన ఉల్లి, టమాటాల మసాలా ఒకటి, వెన్నతో టమాటా మఖనీ గ్రేవీ ఒకటి, ఉడికించిన ఉల్లి, జీడిపప్పుల తెల్ల గ్రేవీ ఒకటి. ఆర్డర్ రాగానే మాస్టర్ పెద్ద మంట మీద నూనె కాచి, తగిన గ్రేవీ పోసి, ముందే ఉడికిన ముక్కలు వేసి, కసూరీ మేథీ నలిపి, మీగడతో ముగిస్తాడు. మెనూలో నలభై కూరలున్నా మూలం ఈ మూడు నాలుగు గిన్నెలే. బ్రిటన్‌లో ఎక్కువగా బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు నడిపిన కర్రీ హౌస్‌లూ ఇదే దారి పట్టాయి. అక్కడ ఇళ్లలో వండుకునేవాళ్లను ఏళ్ల తరబడి ఊరించిన రహస్యాన్ని 1989లో క్రిస్ ధిల్లాన్ 'ద కర్రీ సీక్రెట్' అనే పుస్తకంలో బయటపెట్టారు. తేలిందేమిటంటే, అన్ని కూరలకూ ఆధారం ఉల్లిపాయలు మెత్తగా ఉడికించి రుబ్బిన ఒకే గ్రేవీ. అరుదైన దినుసు ఏదీ దొరకలేదు, ముందురోజు చేసిపెట్టుకున్న పని దొరికింది. ఇంట్లో అరగంటలో పచ్చి ఉల్లిపాయ నుంచి మొదలుపెట్టిన కూరకు లేనిది ఆ శ్రమే. దానితోపాటు, ఇంట్లో వేయడానికి చేయిరానంత వెన్న.

మరి ఇళ్లవాళ్లు వీటి జోలికి పోకూడదా? ఇల్లు ఇప్పటికే చాలా దూరం వెళ్లింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌తో పాల ఉత్పత్తి పెరిగి, వెన్న, పనీర్ పట్నపు ఇళ్లకు అందాయి. బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాక బ్రాయిలర్ కోడి వారంవారం వండుకునేంత మామూలు సరుకైంది. మిక్సీ వచ్చి రుబ్బుడు భారం తగ్గించింది. తందూరు లేని లోటును పెనం కొంత తీర్చింది: నాన్‌కు ఒకవైపు తడి అద్ది ఇనుప పెనానికి అంటించి, పెనాన్నే మంట మీద బోర్లిస్తే మచ్చలు పడతాయి. గ్రేవీ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. ఇదంతా నకలేనని తీసిపారేయడం తొందరపాటు. హోటల్ తన అవసరానికి వంటను మలుచుకున్నట్టే ఇల్లు తన అవసరానికి మలుచుకుంటోంది.

తేడా కొలబద్దలోనే ఉంది. ముక్కలు ఒకచోట, గ్రేవీ ఒకచోట ఉడికించి చివర్లో కలపడం హోటల్‌కు తప్పదు. ఇంటికి ఆ బలవంతం లేదు. మాంసం ఉడికిన నీరు మసాలాలోకి, మసాలా ఘాటు ముక్కలోకి నిదానంగా దిగేలా వండే తీరిక ఇంటికుంది. మన పులుసులకూ వేపుళ్లకూ రుచి వచ్చేది ఆ తీరిక నుంచే. హోటల్ రుచే కావాలంటే హోటల్‌లాగే ముందురోజు నుంచి పని మొదలుపెట్టాలి, వెన్న గుమ్మరించాలి. అది వద్దనుకున్నవాళ్లు తమ కూరను మోతీ మహల్ గిన్నెతో పోల్చుకుని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రెండు వంటశాలలు రెండు వేర్వేరు అవసరాలకు వండుతున్నాయి.