చైనా రాజవంశాలు, కన్ఫ్యూషియన్ భావజాలం: చక్రవర్తిని నిలదీసే హక్కు

చైనా చరిత్ర జవాబు పత్రాలు దిద్దినన్నాళ్లూ నాకు తరచుగా ఎదురైన వాక్యం ఒకటుంది: కన్ఫ్యూషియస్ రాజుకు విధేయత బోధించాడు, కాబట్టి రాజవంశాలు ఆయనను ఆదరించాయి. దీనికి నేను సగం మార్కులే వేసేవాణ్ని. ఎందుకంటే అది సగమే నిజం. మిగతా సగం ఏమిటో ఈ పాఠంలో మీరు చూస్తారు.

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) లూ రాజ్యంవాడు. చౌ వంశపు అధికారం నామమాత్రమై, సామంత రాజ్యాలు ఒకదానితో ఒకటి కలహించుకుంటున్న కాలం అది. తన మాట వినే పాలకుడి కోసం ఆయన ఏళ్ల తరబడి రాజ్యాలు తిరిగాడు. అలాంటివాడు దొరకలేదు. పాలకుడు దండనతో కాక తన నడవడితో ప్రజలను నడిపించాలనీ, ప్రతివారికీ తమ స్థానానికి తగిన బాధ్యత ఉంటుందనీ ఆయన బోధించాడు. ఆ బాధ్యత నుంచి రాజుకు కూడా మినహాయింపు లేదన్న సంగతి గమనించండి.

దీనికి తోడు మరొక పాత భావన ఉంది. దాన్ని చైనీయులు తియాన్‌మింగ్ అంటారు. మనం దైవాదేశం అనుకోవచ్చు. చౌ వంశీయులు షాంగ్ వంశాన్ని కూలదోసినప్పుడు, షాంగ్ రాజు దుర్మార్గుడయ్యాడు గనుక దైవం అతని నుంచి అధికారాన్ని తీసి తమకిచ్చిందని చెప్పుకున్నారు. గద్దె ఎక్కడానికి చాలా అనువైన వాదమే. అయితే ఎక్కినవాణ్ని దించడానికీ అదే వాదం పనికొస్తుంది. ఈ చిక్కు నుంచి తర్వాతి రాజవంశాలేవీ బయటపడలేకపోయాయి.

క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ చక్రవర్తికి ఈ పండితుల గొడవ అక్కరలేదనిపించింది. గతాన్ని చూపించి వర్తమానాన్ని విమర్శించేవారి నోరు మూయించాలని మంత్రి లీ సి సలహా ఇచ్చాడు. క్రీ.పూ. 213లో వైద్యం, జ్యోతిషం, వ్యవసాయం వంటి గ్రంథాలను మినహాయించి, ప్రజల దగ్గరున్న ప్రాచీన గ్రంథాలను తగలబెట్టమని ఆజ్ఞ వెలువడింది. కఠిన శాసనాల మీద నిలిచిన ఆ సామ్రాజ్యం ఏకీకరణ జరిగిన పదిహేనేళ్లకే కూలిపోయింది.

దాని స్థానంలో వచ్చిన హాన్ వంశ స్థాపకుడు లియు బాంగ్ సామాన్య కుటుంబంలో పుట్టినవాడు. పండితులంటే అతనికి చులకన. లూ జియా అనే సలహాదారు మాత్రం, గుర్రమెక్కి గెలిచిన రాజ్యాన్ని గుర్రం మీద కూర్చునే పాలించగలరా అన్న అర్థం వచ్చేలా ప్రశ్నించాడని చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. సామ్రాజ్యానికి లెక్కలు రాసేవారు, పన్నులు వసూలు చేసేవారు, తీర్పులు చెప్పేవారు కావాలి. అంతకుమించి, ఈ పాలన న్యాయమైనదని జనానికి చెప్పేవారు కావాలి. వూదీ చక్రవర్తి కాలానికి ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. అతడు క్రీ.పూ. 136లో అయిదు ప్రాచీన గ్రంథాల బోధనకు ఆచార్య పదవులు ఏర్పరిచాడు. క్రీ.పూ. 124లో యాభైమంది విద్యార్థులతో రాజధానిలో విద్యాపీఠం నెలకొల్పాడు.

ఈ ఒప్పందానికి సిద్ధాంత రూపం ఇచ్చిన పండితుల్లో ముఖ్యుడు దోంగ్ జోంగ్‌షూ. చక్రవర్తి దైవానికీ మనుషులకూ మధ్య వారధి అన్నాడు. వినడానికి పొగడ్తలాగే ఉంది. కానీ పాలన గాడి తప్పితే వరదలు, అగ్నిప్రమాదాలు, గ్రహణాల రూపంలో దైవం హెచ్చరిస్తుందని కూడా అన్నాడు. ఆ హెచ్చరికలకు అర్థం చెప్పేది ఎవరు? పండితులే! రాజవంశపు పూర్వీకుల ఆలయాల్లో మంటలు చెలరేగినప్పుడు దోంగ్ అలాంటి వ్యాఖ్యానమే ఒకటి రాసుకున్నాడు. ఆ ప్రతిని ఎవరో దొంగిలించి చక్రవర్తికి చేరవేశారు. రాసింది తమ గురువని తెలియక, అది శుద్ధ అవివేకమని అతని శిష్యుడే కొలువులో తీర్పు చెప్పాడు. దోంగ్‌కు మరణశిక్ష పడింది. తర్వాత క్షమాభిక్ష దొరికింది. ఆ పైన అతడు శకునాల జోలికి పోలేదు.

వూదీ పేరుకే కన్ఫ్యూషియన్ అన్న సంగతి కూడా మీరు మరిచిపోకూడదు. యుద్ధాల ఖర్చు కోసం ఉప్పు, ఇనుములను ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందకు తెచ్చాడు. అతడు పోయాక క్రీ.పూ. 81లో పండితులను రాజధానికి పిలిపించి దీనిపై చర్చ జరిపారు. ప్రభుత్వం ప్రజలతో లాభానికి పోటీపడటం తగదని వారు వాదించారు. మద్యం మీద గుత్తాధిపత్యం పోయింది. ఉప్పు, ఇనుముల మీద మాత్రం దాదాపు అంతటా కొనసాగింది. పండితుల నీతిని గౌరవించడం, ఖజానాను వదులుకోకపోవడం చైనా పాలకులకు అలవాటైన పద్ధతి.

సుయి, తాంగ్ వంశాల కాలంలో మొదలై, సోంగ్ వంశం కింద విస్తరించిన ఉద్యోగ పరీక్షల వల్ల ఈ బంధం గట్టిపడింది. స్త్రీలకు ప్రవేశం లేదు. ఏళ్ల తరబడి చదివించే స్తోమత ఉన్న ఇళ్లవారే ఎక్కువగా నెగ్గేవారు. అయినా పుట్టుక కంటే చదువుకు విలువ పెరిగింది. మంగోలుల యువాన్ వంశం 1313లో పరీక్షలను పునరుద్ధరిస్తూ, జూ షీ వ్యాఖ్యానంతో కూడిన నాలుగు గ్రంథాలను వాటికి ఆధారం చేసింది. ఆ నాలుగింటిలో మెన్షియస్ గ్రంథం ఒకటి. అసలు కథ ఇక్కడే ఉంది.

మింగ్ వంశ స్థాపకుడు జూ యువాన్‌జాంగ్ కరవులో తల్లిదండ్రులను పోగొట్టుకుని, బౌద్ధ మఠంలో చేరి, బిచ్చమెత్తి బతికినవాడు. 1368లో హోంగ్‌వూ చక్రవర్తి అయ్యాడు. పాలనకు కన్ఫ్యూషియన్ చదువు కావాలనుకున్నాడు, బడులు పెట్టించాడు. కానీ మెన్షియస్‌ను చదివి మండిపడ్డాడు. రాజు కంటే ప్రజలే ముఖ్యమనీ, సేవకులను తృణంగా చూసే రాజును వారు శత్రువుగా చూస్తారనీ, నిరంకుశుణ్ని చంపడం రాజహత్య కాదనీ మెన్షియస్ వాదించాడు మరి. తిరుగుబాటుతో గద్దెనెక్కినవాడికి ఈ మాటల పదును ఎవరూ చెప్పనక్కరలేదు. 1372లో కన్ఫ్యూషియస్ ఆలయం నుంచి మెన్షియస్ ఫలకాన్ని తీసివేయించాడు. చియాన్ తాంగ్ అనే అధికారి ప్రాణాలకు తెగించి అడ్డుపడ్డాడు. మెన్షియస్ కోసం చావడం గౌరవమే అన్నాడట. ఎక్కుపెట్టిన బాణాలకు రొమ్ము చూపాడని కూడా కథ ఉంది. ఫలకం మాత్రం త్వరలోనే యథాస్థానానికి వచ్చింది.

చక్రవర్తి మనసు మారలేదు. 1394లో లియు సాన్‌వూ అనే పండితుడి చేత మెన్షియస్ గ్రంథానికి సంక్షిప్త ప్రతి తయారు చేయించాడు. 85 భాగాలు ఎగిరిపోయాయి. అంటే సుమారు మూడింట ఒక వంతు. ఆ భాగాల నుంచి పరీక్షల్లో ప్రశ్నలు అడగకూడదని కూడా ఆజ్ఞాపించాడు. పుస్తకాన్ని తగలబెట్టకుండా సిలబస్‌ను మార్చాడన్నమాట. చిన్ చక్రవర్తి కంటే తెలివైన పద్ధతే. అయినా నిలవలేదు. అతని కొడుకు యోంగ్‌లె పాలనలో పూర్తి గ్రంథం మళ్లీ వాడుకలోకి వచ్చింది.

దీన్నిబట్టి యోంగ్‌లె ఉదారుడని అనుకునేరు. అన్న కొడుకైన చక్రవర్తిని కూలదోసి 1402లో అధికారం చేజిక్కించుకున్నవాడతను. పట్టాభిషేక ప్రకటన రాయమని ప్రసిద్ధ పండితుడు ఫాంగ్ షియావోరూను అడిగాడు. ఆ పండితుడి చేత్తో రాస్తే ఆక్రమణకు ధర్మం ముద్ర పడుతుంది. ఫాంగ్ నిరాకరించాడు. అతణ్ని, బంధువులను, శిష్యులను కలిపి వందలమందిని చంపించారు. అదే యోంగ్‌లె ఆజ్ఞతో తయారైన నాలుగు గ్రంథాల, అయిదు గ్రంథాల బృహత్ సంకలనాలు 1415లో పూర్తయ్యాయి. చంపినదీ, అచ్చు వేయించినదీ ఒకే కారణానికి అని నా అభిప్రాయం. పండితుల ఆమోదం లేకుండా సింహాసనం నిలవదని అతనికి తెలుసు.

1566లో హై రుయి అనే అధికారి, ఏళ్ల తరబడి కొలువుకు రాకుండా అమృతం కోసం తావో పూజల్లో మునిగిన జియాజింగ్ చక్రవర్తిని తప్పుపడుతూ విన్నపం పంపాడు. చక్రవర్తి కోపంతో పట్టుకోమన్నాడు. అతడు ముందే శవపేటిక కొనుక్కుని, ఇంటివారికి వీడ్కోలు చెప్పి వచ్చాడని పక్కనున్నవారు చెప్పారు. చక్రవర్తి కాసేపు మాట్లాడలేకపోయాడట. హై రుయి చెరసాల పాలయ్యాడు. మరుసటి ఏడాది చక్రవర్తి మరణించాక విడుదలయ్యాడు. అతణ్ని కాపాడే చట్టమేదీ లేదు, చక్రవర్తిని దించే సభా లేదు. నిలదీసే బాధ్యత పండితుడిదే, దాని మూల్యమూ అతనిదే. కన్ఫ్యూషియన్ వ్యవస్థలోని పెద్ద లోపం ఇదని నేననుకుంటాను.

1644లో బీజింగ్‌ను వశపరచుకున్న మంచూల చింగ్ వంశం కూడా ఇవే గ్రంథాలనూ, ఇవే పరీక్షలనూ కొనసాగించింది. 1905లో ఆధునిక విద్య కోసం తానే ఆ పరీక్షలను రద్దు చేసింది. దాంతో చదువుకున్నవారిని సింహాసనానికి కట్టి ఉంచిన తాడు తెగింది. 1912 ఫిబ్రవరిలో చివరి చక్రవర్తి పూయీ తరఫున పదవీత్యాగ ప్రకటన వెలువడినప్పుడు అతనికి ఆరేళ్లు.